పొద్దుపోయినవాడి పెళ్లాం

మొన్న బత్తలపల్లె బస్టాండులో బస్సు తప్పిపోయింది. టీ అంగడి ఆమె గ్లాసులు కడిగి బల్ల మీద వరసగా బోర్లిస్తూ, "పొద్దుపోయింది కదక్కా, ఇంగ ధర్మవరం బస్సు యాడొస్తుంది? ఆటో చూసుకో" అంది. మామూలు మాట. పొద్దు వాలితే ఎవరైనా అనేదే. నాకు మాత్రం ఆ మాటా, ఆ బోర్లించిన గ్లాసులూ రెండూ ఒకేసారి తగిలాయి. మా పెరటిగదిలో అద్దెకున్న ఓడామె గుర్తుకొచ్చింది. ప్రేమగా గుర్తుకొచ్చిందని చెబితే అబద్ధం. కోపంగా గుర్తుకొచ్చింది. కోపం ఆమె మీద కాదు, మా వాళ్ల మీద. ఇన్నేళ్లయినా అది చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

ఆమెకు ఒక పేరుండేది. మా వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు కాబట్టి, ఇప్పుడు కొత్తగా నేను పిలిచి ఉద్ధరించేదేమీ లేదు. గోదావరి సముద్రంలో కలిసే చోట ఏదో ఇసుకమేట మీది ఊరు ఆమెది. అక్కడ తరతరాలుగా అందరూ తెరచాప ఓడల మీద బతికినవాళ్లట. అందుకని ఓడామె. మా ధర్మవరం వాళ్లకు ఓడంటే సినిమాలో చూసిందే. తాగడానికి బిందెడు నీళ్లకు కొట్టుకు చచ్చే ఊళ్లో ఆ పేరు నవ్వుకోవడానికి బాగా పనికొచ్చింది. ఆమె "ఆయ్" అన్నా నవ్వే, "మరేనండి" అన్నా నవ్వే.

పంతొమ్మిది వందల డెబ్బైల మధ్యలో ఒక మధ్యాహ్నం, రేకుపెట్టె ఒకటి, ఎర్రటి లక్కపెట్టె ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పొడుగ్గా, నల్లగా, కర్రలా నిటారుగా ఉండేది. నొసటి మీద రూపాయి బిళ్లంత బొట్టు. ఏ కొట్టు కుంకుమో గానీ, అదే చోట ఏళ్ల తరబడి పెట్టీ పెట్టీ దాని అంచుల్లో చర్మం కమిలి నల్లబడింది. పక్కవీధి మగ్గాల ఇంట్లో కండెలు చుట్టే పని దొరికిందని, గది కావాలని అడిగింది.

"ఇంటాయన రాల్యా? యాడుండాడు?" అని మా అమ్మ అడిగింది.

"ఆయనకి పొద్దుపోయిందండి" అంది.

పాపం, డ్యూటీ మనిషి కాబోలు, ఆలస్యంగా వస్తాడు కాబోలు అనుకుని అమ్మ తాళంచెవి ఇచ్చేసింది. అనుకున్నట్టే దీపాలు పెట్టే వేళకు ఖాకీ బట్టల్లో రైల్వే ఆయన ఒకడు సైకిలు మీద వచ్చాడు. చేతిసంచి ఇచ్చి, గడప దగ్గర కూర్చుని, ఆమెతో మెల్లగా నాలుగు మాటలు మాట్లాడి పోయాడు. రెండు రోజులకు మళ్లీ వచ్చాడు. రాత్రి డ్యూటీ మొగుడని మా వీధి తీర్మానించింది. ఎవరూ ఇంకో ప్రశ్న వేయలేదు. ఇంత గొడవకూ మూలం ఆ వేయని ప్రశ్నే.

ఆమెతో మా ఇంట్లో మొదటి రోజు నుంచీ గొడవపడింది మా మేనత్త. నాయనకు అక్క. చిన్నతనంలోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చి, బోసి నొసలుతో, బీరువా తాళాలు నడుముకు కట్టుకుని, నాయన పట్టు అంగడిని తప్ప ఇంట్లో మిగతా అన్నిటినీ ఏలింది. అంగడిని కూడా ఏలేదే గానీ, పొద్దున్నే బేరానికి ఆమె ఎదురు రాకూడదని నాయనే అన్నాడు. తోడబుట్టిన తమ్ముడే అన్నాడు. ఆ మాట ఆమె మింగింది, మింగి మా అందరి మీదా కక్కింది.

గొడవ బిందెల గురించి. మా పెరట్లో కొళాయి దగ్గర ఆడవాళ్లమంతా బిందెలు, చెంబులు తోమి గట్టు మీద బోర్లించేవాళ్లం. ఓడామె పని నుంచి రావడం, చీర కుచ్చిళ్లు ఎగదోపి ఒక్కో బిందెనే ఎత్తి తిన్నగా నిలబెట్టడం. చెప్పకుండా, అడక్కుండా, సొంత ఇంట్లో చేసినట్టు.

"ఏమ్మే, బోర్లించిన బిందె ఎత్తేదానికి నువ్వెవురు? దుమ్ము పడదా?" అని అత్త అరిచేది.

"పడనివ్వండి. దుమ్ము పడితే తుడుచుకోవచ్చు. బోర్లాపడితే తుడుచుకోడానికేం ఉండదండి."

అత్త మళ్లీ బోర్లించేది. ఓడామె మళ్లీ నిలబెట్టేది. ఓడ మీదికి మగవాణ్ని పంపిన ఇంట్లో గిన్నె గానీ, బుట్ట గానీ, చివరికి కొబ్బరిచిప్ప గానీ బోర్లా ఉండకూడదట. వాళ్ల ఊళ్లో పసిపిల్లవాడు బోర్లాపడితే అందరిళ్లలోలా బొబ్బట్లు చేసి పంచరట, గబుక్కున వెల్లకిలా తిప్పేస్తారట. ఇది చెప్పినప్పుడు మా వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. ఓడామె కూడా నవ్వింది. తన ఊరి గురించి ఎవరైనా నవ్వితే ఆమెకు కోపం వచ్చేది కాదు. వినేవాళ్లు దొరికారు కదా అన్నట్టు ఇంకా చెప్పేది.

నేను టెన్త్ అయి ఇంట్లో కూర్చున్న రోజులవి. ఆమె రాట్నం మా వసారాలోకి తెచ్చుకుని కండెలు చుడుతుంటే ఎదురుగా కూర్చునేదాన్ని. పట్టుపోగు వేళ్ల మధ్య పరుగెడుతుంటే మాట కూడా దాని వెంటే పరుగెత్తేది. తుఫాన్ల నెలలు దాటిందాకా ఓడల్ని ఏటిపాయలోకి లాగి కట్టేసేవాళ్లట. అప్పుడు ఊరి నిండా మగవాళ్లు, ఊరి నిండా తగాదాలు. ఓడ అడుగుకు చేపనూనె పట్టించేవాళ్లు, ఆ కంపు అన్నంలోకి కూడా వచ్చేదట. ఆడవాళ్లు ఇళ్ల ముందు తెరచాప పరిచి, దాని చుట్టూ కూర్చుని చిరుగులు కుట్టేవాళ్లు. ఒక తెరచాపకు ఒక వీధి ఆడవాళ్లంతా సరిపోయేవాళ్లు కాదట. తర్వాత మంచి గాలి చూసి సరంగు, అంటే ఓడ పెద్ద, కొబ్బరికాయ కొట్టేవాడు. ఉప్పు, పెంకులు వేసుకుని కలకత్తా దాకా పోయేవి ఓడలు. వాళ్ల అత్తగారి కాలంలో రంగం దాకా పోయేవట. బర్మా రంగూన్‌ను వాళ్లు రంగం అనేవాళ్లు. ఆ ఎర్ర లక్కపెట్టె అక్కడిదే, మామగారు తెచ్చింది, అందులోనే ఆమె కుంకుమ.

"ఓడలు పోయాక ఊళ్లో మగాళ్లంటే ముసలోళ్లూ, గుడి పూజారీనండి. పంచాయితీ మేమే చేసేవాళ్లం, పీనుగుని మేమే మోసేవాళ్లం. మగాళ్లొచ్చేసరికి మాకు మీసాలొచ్చేసేవి" అని పడీపడీ నవ్వేది.

లారీలు వచ్చాయి, స్టీమర్లు వచ్చాయి. ఏటిమొగ ఇసుకతో పూడిపోయింది. ఒక్కో ఓడనూ విప్పి కలపకింద అమ్ముకున్నారు. చివరికి మిగిలిన ఒక్క ఓడ ఉప్పు వేసుకుని బయలుదేరింది. ఆమె భర్త దాని మీద కళాసి. ఇదంతా చెప్పేది గానీ ఆ ఓడ తర్వాత ఏమైందో చెప్పేది కాదు, రాట్నం చక్రం ఆపి తెగిన పోగు ముడివేసుకునేది. ఆ కళాసి ఉద్యోగం మానుకుని రైల్వేలో చేరాడు కాబోలని నేను అనుకున్నాను. మా ఊళ్లో అంగడికి ఉప్పు లారీ వచ్చి ఆగితే మాత్రం ఆమె మొహం అటు తిప్పుకుని నడిచేది. దారిలో శత్రువు ఎదురైనట్టు దాన్ని తప్పుకుని పోయేది.

మా వదినకు సీమంతం చేశారు. ముత్తైదువల్ని పిలిచారు, ఓడామెనూ పిలిచారు. ఆమె గాజులు తొడిగే తీరు వేరు. మణికట్టు దగ్గర ఆగకుండా, నొప్పి తెలియకుండా, ఒక్క గాజు పగలకుండా జారిపోయేవి. ఓడల వాళ్ల చేతులు, తాళ్లు జార్చిన చేతులు. వదిన నొసట బొట్టు పెట్టి, "కొడుకో కూతురో, పెందరాళే ఇంటికొచ్చే బిడ్డ పుట్టాలమ్మా" అని దీవించింది. ఇదేం దీవెన అని అందరూ నవ్వారు. అత్త మాత్రం వంటింటి తలుపు వెనక నిలబడి సందులోంచి చూస్తోంది. అలాంటి పూట ఆమె బయటికి రాకూడదు.

వదినకు కొడుకు పుట్టాడు, రాయిలా ఉన్నాడు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత మా ఇంట్లో ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

బిడ్డకు మూడో నెలలో అనుకుంటాను, ఆ రైల్వే ఆయన పట్టపగలు వచ్చాడు. పక్కన భార్య, చంకలో పిల్లవాడు. పెరట్లోకి వచ్చి, "అక్కా, వీడికి పుట్టెంట్రుకలు తీయిస్తున్నాం, నువ్వు రావాలి" అన్నాడు. కొళాయి దగ్గర ఉన్న ఆడవాళ్లమంతా బిందెలు వదిలేసి చూశాం. అక్కా! మేము మొగుడనుకున్నవాడు తమ్ముడు. బదిలీ మీద మా ఊరొస్తూ, ఒంటరిదాన్ని వదలలేక అక్కను వెంట తెచ్చుకున్నాడు. క్వార్టర్సులో మరదలికీ ఆమెకూ పడక ఆమె మా గదికి వచ్చింది. వాళ్లు ఏదీ దాచలేదు. మేము అడగలేదు.

తమ్ముడు అటు పోగానే అత్త మొదలుపెట్టింది.

"మరి నీ మొగుడు యాడే?"

"పొద్దుపోయిందని ఆ రోజే చెప్పానండి."

"పొద్దుపోయిందంటే?"

అప్పుడు చెప్పింది. ఓడెక్కి పోయినవాడు తిరిగి రాకపోతే వాళ్ల ఊళ్లో చచ్చిపోయాడనరు. సముద్రం శవాన్ని తెచ్చి ఒడ్డున వేసిందాకా ఎవరూ ఆ మాట నోట అనకూడదు. ఆలస్యమైంది అంటారు. ఫలానా ఆయనకి పొద్దుపోయింది అంటారు. భార్య బొట్టు తీయదు, గాజులు తీయదు.

"మా ఊళ్లో సగంమంది ఆడోళ్లు అంతేనండి. రంగం పోయిన మొగుడికోసం తల నెరిసిపోయినావిడ ఉండేది, ఏ పేరంటానికైనా మొదటి తాంబూలం ఆవిడకే. అందరి బొట్లూ తీసేస్తే ఊళ్లో పేరంటానికి మిగిలేదెవరండి?"

"ఎన్నేండ్లాయ ఆయప్ప పోయి?"

"మా తమ్ముడికి అప్పుడింకా మీసం రాలేదండి."

ఆ తమ్ముడి చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు ఇప్పుడే మేమంతా చూశాం.

"అన్నేండ్లు రానోడు ఇంగ వస్తాడా? బుద్ధుండే మాటేనా ఇది? ముండమోసి మా ఇంట్లో గాజులు తొడుగుతావా? కడుపుతో ఉండే పిల్లకు బొట్టు పెడతావా?"

ఓడామెకు గొంతు పెంచడం రాదు. రాట్నం దగ్గర మాట్లాడినట్టే మాట్లాడింది. "మీ వాన ఎన్నేళ్లుగా రాలేదండి? మూడేళ్లుగా చేలో వేసిన శెనక్కాయ చేలోనే మాడిపోయిందని మీ తమ్ముడుగారే అన్నారు. మళ్లీ ఈ ఏడూ విత్తనం కొన్నారు కదా. వాన చచ్చిపోయిందని ఎవరైనా తలకి పోసుకున్నారా?"

వదిన కిసుక్కున నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది. అత్త మొహం చూడాలి అప్పుడు. అరవడం మానేసింది. తర్వాత చెప్పిన సంగతి అంతవరకూ ఆమె ఎవరికీ చెప్పగా మేము వినలేదు.

"నన్నెవరన్నా అడిగినారా? పదారేండ్లు నాకు. జొరమొచ్చి ఆయప్ప నా కండ్లముందరే పోయినాడు. పొద్దుపోయిందని చెప్పుకునేదానికి కూడా లేకుండా పోయినాడు. పదిమంది పట్టుకోని గాజులు పగలగొట్టినారు, కుంకుమ చెరిపినారు. నేను ఏడ్చినా, కొరికినా. ఇడిసినారా? నాకు లేంది నీకెట్లుంటాదే?"

"మీకు చాలా అన్యాయం చేశారండి" అంది ఓడామె.

నిజంగానే అంది. ఎగతాళి లేదు, వాదన లేదు. అంత నిజంగా మా ఇంట్లో అత్తతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. తిడితే మా అత్త మరిచిపోయేదేమో. జాలిపడితే జన్మలో క్షమించదు.

సాయంత్రం నాయన పెరట్లోకి వచ్చి, మంచి మాటగానే చెప్పాడు. ఆయన ఎప్పుడూ మంచి మాటగానే చెబుతాడు, అంగడిలో అరువు లేదని చెప్పినట్టు. "చూడమ్మా, మాది యాపారం చేసుకునే ఇల్లు. పదిమంది వస్తా పోతా ఉంటారు. ఆ బొట్టు తీసేస్తే ఈడ్నే ఉండు, నిన్నెవరూ ఏమనరు. ల్యాకుంటే ఇంగోచోట చూసుకో."

"ఆయనొచ్చి తీయమంటే తీస్తానండి" అంది.

మరునాడే పోయింది. రేకుపెట్టె, లక్కపెట్టె గడప అవతల పెట్టి, మళ్లీ వెనక్కి వచ్చి కొళాయి గట్టు మీది బిందెలన్నీ తిన్నగా నిలబెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని మరీ పోయింది. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. ఏడుస్తూ కూర్చుంది. అమ్మ ఏడుపు వల్ల మా ఇంట్లో ఏనాడూ ఏదీ ఆగలేదు.

తర్వాత రైలు పట్టాల పక్కన కొట్టంలో ఉండేది. మగ్గాల వాళ్లకూ సంగతి తెలిసింది. పెళ్లిచీరకు కొత్త పడుగు ఎక్కించే పొద్దున ఆమెను రావద్దన్నారు. ధర్మవరంలో పెళ్లిచీర కాని చీర ఎన్ని? మెల్లగా పని తగ్గింది, మనిషి చిక్కింది, బొట్టు మాత్రం తగ్గలేదు. బజారులో కనిపిస్తే నేను పలకరించేదాన్ని. కొళాయిలు ఎండిపోయి, ట్యాంకరు కోసం ఊరంతా ఖాళీ బిందెలు వరసపెట్టిన ఏడు, ఆ వరస పక్కన నిలబడి, "చూశారా, ఇప్పుడు మీవాళ్లే అన్నీ తిన్నగా పెట్టారు" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఎనభైల్లో ఒక ఎండాకాలం ఓడామె పోయింది. జ్వరమన్నారు. జ్వరంతో పాటు సరైన తిండి కూడా లేదని నేనంటాను. తమ్ముడు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి మా గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. అమ్మా నేనూ బయలుదేరుతుంటే అత్త చెప్పులేసుకుని, "నేనూ వస్తా" అంది. ఎందుకని అడిగే ధైర్యం మాకు లేదు.

కొట్టం ముందు పదిమంది కూడా లేరు. స్నానం చేయించారు, కొత్త బట్ట కప్పారు. అక్కడ పని ఆగిపోయింది. "ముత్తైదువా, కాదా? దానికొక తీరు, దీనికొక తీరు ఉండాది. తొందరగా చెప్పండమ్మా" అన్నాడు పాడె కట్టే పెద్దాయన. "అలాగే ఉంచండి. అక్క ఎలా ఉండేదో అలాగే పంపండి" అన్నాడు తమ్ముడు. పరాయి ఊరివాడు, పరాయి యాసవాడు. ఆయన మాట ఎవరికి పట్టింది?

అత్త ముందుకు వచ్చింది. చెంబులో కొంగు తడిపి, తల పక్కన కూర్చుని, నొసటి కుంకుమ తుడిచింది. ఎర్రటి నీళ్లు కణతల మీదికి కారాయి. ఎరుపంతా పోయింది. దాని కింద గుండ్రంగా, రూపాయి బిళ్లంత, నల్లటి మచ్చ. మళ్లీ తుడిచింది. మళ్లీ తడిపింది. చెంబు ఖాళీ అయ్యేదాకా రుద్దింది. "పోదేమే ఇది, పోదేమే" అని గొణుగుతోంది.

"ఇడిసిపెట్టొదినా" అని అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. అమ్మ అత్త చెయ్యి పట్టుకోవడం నేను చూసింది అదొక్కసారే. "అది కుంకుమ కాదు. చర్మం."

అత్త చెయ్యి ఆగింది. ఆ చెయ్యి మీద నాకు అప్పుడు పుట్టిన అసహ్యం ఇప్పటికీ ఉంది. ఆ చేతిని పదహారేళ్ల వయసులో ఎవరెవరు విరిచి పట్టుకున్నారో తెలిసి కూడా ఉంది. ఆమె లేచి, ఖాళీ చెంబును అలవాటుగా నేల మీద బోర్లించింది. నేను వంగి దాన్ని తిన్నగా నిలబెట్టాను.

"పొద్దుపోయిందప్పా, ఎత్తండి" అన్నాడు పాడె దగ్గరి పెద్దాయన.

ఆ మాటకు తల తిప్పింది ఆమె తమ్ముడొక్కడే. పట్టాల పక్కగా స్టేషను వైపు నుంచి వచ్చే దారిని ఆ చివరిదాకా చూశాడు. ఎవరూ రావడం లేదు. వంగి పాడె ముందు కొమ్ము భుజాన పెట్టుకున్నాడు.